ఆకులు రాలిస్తే చచ్చిపోయినట్టా?

కదలకండి బావగారూ. నా చేతిలో ఉన్నది కత్తి, గరిటె కాదు.

ఏంటి ఆ చూపు? ఒక మొక్క ఆకులు రాల్చిందని షాపు మూసేస్తారా ఎక్కడైనా? షట్టర్ ఎత్తానో లేదో వంగి లోపలికొచ్చారు. కిటికీలో కుండీ వంక ఒక్క చూపు చూశారు. "అయిపోయింది కదమ్మా, ఇక తాళం చెవి ఇచ్చేయ్" అని చెయ్యి చాచారు. ఎలా ఉన్నావని నన్ను అడగలేదు. పోనీ మొక్కనైనా అడగలేదు.

వద్దు, నోరు తెరవకండి. నురగ లోపలికి పోతుంది. మీరు చెప్పాల్సిందంతా ఎనిమిది నెలలుగా చెబుతూనే ఉన్నారు. ఇవాళ నా వంతు.

ఇందాకటి పందెం గుర్తుందిగా? అదిగో, తాళం చెవి అద్దం ముందే పెట్టాను, పటిక ముక్క పక్కన. మీ గెడ్డం మీద ఒక్క గీటు పడినా, ఒక్క చుక్క రక్తం కనపడినా ఆ తాళం చెవి మీదే. నా దువ్వెనలు నేను సంచిలో వేసుకుని వెళ్ళిపోతాను. గీటు పడకపోతే మాత్రం ఈ షాపు నేనే నడుపుతాను, మీరు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. "నువ్వా? నా గెడ్డమా?" అని పడీ పడీ నవ్వారు. మీరు నవ్వడం అయ్యేదాకా ఆగాను చూశారా? నవ్వే దవడ మీద కత్తి పెట్టకూడదని మీ తమ్ముడు నేర్పారు.

కూర్చోక ఏం చేస్తారులెండి. ముఖం చూసుకున్నారా అద్దంలో? చెంప మీద రెండు, దవడ కింద మూడు గాట్లు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఊళ్ళో సెలూన్లన్నీ తిరిగారు. ఒక్కడికీ మీ గెడ్డం లొంగలేదు. "వాడి చెయ్యే చెయ్యమ్మా, వాడితోనే పోయింది" అని నా దగ్గరే ఎన్నిసార్లు అన్నారో!

కాస్త తల ఇటు తిప్పండి. ఆఁ, చాలు.

షాపు కాగితం మీ పేరున ఉంది, నేను కాదనను. మామగారి షాపు. ఆయన పోయాక పెద్దకొడుకని మీ పేరున రాశారు. మీరు బస్సు నడుపుకుంటూ ఉన్నారు, మీ తమ్ముడు ఈ కుర్చీ వెనక ముప్ఫై ఏళ్ళు నిలబడ్డారు. నేలమీద చూడండి, కుర్చీ వెనక రెండు బండలు ఎలా అరిగాయో. ఇప్పుడు మీకు ఎవరో ఫోన్ కవర్లు అమ్ముకునేవాడు దొరికాడు. అతనికి కుర్చీ వద్దు, అద్దం వద్దు, అరిగిన బండలు అసలే వద్దు.

అయినా మీరు నన్ను నేరుగా పొమ్మనలేదు. పెద్దమనిషి తరహాలో మొక్క మీద పెట్టారు. "ఆ మొక్కే చెబుతోందమ్మా, నీ చెయ్యి ఈ షాపుకి అచ్చిరాలేదని. చలికాలం దాటేలోపు అది పోయిందో, మనమూ మూసేద్దాం" అన్నారు. అప్పుడు నాకూ ఒళ్ళు మండి సరేనన్నాను. ఒళ్ళు మండినప్పుడు నేను దేనికైనా సరేనంటాను, మీకు తెలుసుగా.

ఎడారి గులాబీ అంటారట దాన్ని. మీ తమ్ముడు మాత్రం బొజ్జోడు అనేవారు. నిజమేగా, కాండం చూడండి, భోజనం చేసి లుంగీ వదులు చేసుకున్న మనిషిలా కూర్చుని ఉంటుంది. నీళ్ళన్నీ ఆ పొట్టలోనే దాచుకుంటుంది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ఇంకా తెలియలేదు.

మచ్చలు, అవును. మచ్చల దగ్గరే కదా మీరు మొదలుపెట్టింది. ఆయన పోయిన మూడో నెలలో ఒకరోజు వచ్చి, ఆకు పట్టుకుని చూసి, "తమ్ముడున్నప్పుడు నిగనిగలాడేది" అన్నారు. గోధుమరంగు చుక్కలు, చుట్టూ పసుపు అంచు. మీరు నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఆ చుక్కలు నేనే పెన్నుతో పెట్టానా అన్నట్టు చూశారు.

వినండి మరి. ఆ మచ్చలు ఆయన ఉన్నప్పుడే ఉన్నాయి.

కదలొద్దన్నానా! ఉన్నాయి బావగారూ. ఆదివారం పొద్దున్నే మీరు గెడ్డానికి వస్తారని, శనివారం సాయంత్రమే మచ్చపడ్డ ఆకులన్నీ కత్తెరతో ఏరేసేవారు. మీకు నిగనిగలాడేవే మిగిలేవి. ఎందుకు దాచారంటే, మీ ముందు దాచడం ఆయనకి అలవాటు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ చెంప కానివ్వండి.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పనా? అదిగో, ఆ స్ప్రే సీసా. తల తడిపేది. కస్టమర్ తల మీద నాలుగుసార్లు కొట్టేవారా, ఐదోది పక్కకి తిరిగి మొక్కకి కొట్టేవారు. "నీకూ క్షవరం కావాలా బొజ్జోడా" అని. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. రోజుకి ఇరవై తలలు వస్తే దానికి ఇరవై స్నానాలు. ఎడారిలో పుట్టిందానికి!

ఆకు మీద నీళ్ళు ఆరకుండా నిలబడితే బూజు పడుతుందట. ఆ బూజే మచ్చ. కుర్చీ వెనక నిలబడి పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు ఇది. ఇంట్లో కుండీ అయితే ఇలా రోజుకి ఇరవైసార్లు ఎవరు తడుపుతారు?

ఇంకా ఉంది. కత్తిరించిన జుట్టు ఎరువు అని ఎవరో చెబితే, ఊడ్చిన జుట్టంతా కుండీలో మట్టి మీద పరిచేవారు. దుప్పటి కప్పినట్టు. మట్టి తడి ఎప్పటికీ ఆరేది కాదు. మీ గెడ్డం కూడా ఉండే ఉంటుంది అందులో.

ఆయన పోయాక నేనేం చేశాననుకున్నారు? అదే చేశాను. ఇంకా ఎక్కువ చేశాను. ఆడది కత్తి పట్టిందని తలలు తగ్గిపోయాయి కదా, రోజుకి రెండు, ఒక్కోరోజు అదీ లేదు. బొజ్జోడికి స్నానాలు తగ్గిపోతున్నాయని నాకు దిగులు. ఖాళీ కుర్చీ వెనక నిలబడి లేని తలకి నాలుగు కొట్టినట్టు లెక్కేసుకుని, ఐదోది వాడికి కొట్టేదాన్ని. రోజుకి ఇరవై నింపేదాన్ని. ఆయన చేసినవన్నీ ఒక్కటీ తప్పకుండా చెయ్యాలని అప్పట్లో నాకొక పిచ్చి పట్టింది.

నవ్వొస్తోందా? ఆగండి, కత్తి తీశాక నవ్వుదురుగాని.

తర్వాత వైద్యం. గెడ్డం మీద గాటు పడితే ఏం చేస్తాం? పటిక రుద్దుతాం. ఆకుకీ రుద్దాను. ముడుచుకుపోయింది. అది కాక గెడ్డం అయ్యాక రాసే లోషన్ ఉంది చూశారూ, అది దూది మీద వేసి ఒక్కో మచ్చా తుడిచాను. మండుతుందేమోనని ఊదాను కూడా. అవును బావగారూ, ఆకు మీద ఊదాను. రెండోరోజుకి ఆకులు మాడిపోయాయి. వాసన మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

గెడ్డం పైకెత్తండి. మెల్లిగా.

అప్పుడే నర్సరీ పెద్దాయన వచ్చాడు. ఊరి చివర మొక్కలమ్ముతాడు, నెలకొకసారి గెడ్డం సరిచేయించుకుంటాడు. "ఆడమనిషి అయితే ఏం, కత్తెర కత్తెరేగా" అని ఆయన ఒక్కడే మానకుండా వచ్చాడు. కుర్చీలో కూర్చోబోతూ కిటికీ దగ్గర ఆగాడు. ఒక ఆకు తెంపి వాసన చూశాడు. నా వంక చూశాడు. "ఎవరమ్మా దీనికి గెడ్డం గీసింది?" అన్నాడు.

సిగ్గుతో చచ్చాను. కానీ అడిగాను. తెలియనిది అడగడానికి నాకు నామోషీ లేదు, మీ ఇంటి మగవాళ్ళకే ఆ జబ్బు.

ఆయన చెప్పినట్టే చేశాను. మచ్చ ఉన్న ప్రతి ఆకూ కోసేశాను. ఒక ఆకు కొయ్యడం, కత్తెర స్పిరిట్‌తో తుడవడం, మళ్ళీ ఇంకొక ఆకు. ఒకరి తల నుంచి ఇంకొకరి తలకి వెళ్ళేటప్పుడు తుడవమూ? అలాగే. అది చేతకాకపోవడానికి నాకేం ఖర్మ? కోసినవి కుండీలో పడనీకుండా కాగితంలో చుట్టి బయట పారేశాను. జుట్టంతా పీకేశాను. కుండీ బోర్లిస్తే అడుగున కన్నం మూసుకుపోయి ఉంది. దాన్నీ ఓ కత్తెర మొనతో తెరిచాను. పాత మట్టి దులిపి, ముతక ఇసుకా ఇటుక ముక్కలూ కలిపి మళ్ళీ నాటాను. నీలంగా ఉండే రాగి మందు నీళ్ళలో కలిపి, పొద్దున పూట కొట్టాను, ఎండకి తొందరగా ఆరేలా. వారం ఆగి మళ్ళీ ఇంకోసారి. కిటికీలో ఎండ తగిలే మూలకి జరిపాను. నీళ్ళు మొక్క మొదలు దగ్గరే, అదీ వేలు రెండు కణుపులు గుచ్చితే పొడిగా తగిలినప్పుడే.

ఇక ఆ స్ప్రే సీసా. దాన్ని మొక్కవైపు తిప్పకుండా ఉండటానికి నాకు నెల పట్టింది. తల తడిపాక చెయ్యి దానంతట అదే కిటికీ వైపు వెళ్ళిపోయేది. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. కుర్చీలో ఉన్నవాళ్ళు నాకేదో పూనిందనుకుని ఉంటారు. ఆయన అలవాటు ఒకటి పూర్తిగా మానేసిన రోజు రాత్రి ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా. ఏడ్చినా మళ్ళీ కొట్టలేదు.

కొత్త ఆకులొచ్చాయి బావగారూ. ఒక్క మచ్చ లేదు. మీరు చూశారు. చూసి, "ఊఁ" అని, ఫోన్ కవర్లవాడి ఊసెత్తకుండా వెళ్ళిపోయారు. ఆ "ఊఁ" నాకు ఎంత తృప్తినిచ్చిందో మీకు తెలియదు. తలలు కూడా మెల్లగా తిరిగొచ్చాయి. ఇప్పుడు రోజుకి తొమ్మిది, పది.

ఇటు చెంప అయింది. చూసుకోండి అద్దంలో. ఏదైనా గీటుందా? లేదు. సరే, మొదటి వరస మాత్రమేగా, ఇంకా వెంట్రుకలకి ఎదురుగా గీసేది ఉంది.

తర్వాత చలి వచ్చింది.

ముందు కింది ఆకులు పచ్చబారాయి. నర్సరీ పెద్దాయన ముందే చెప్పాడు. "చలి పడగానే ఇది మొత్తం ఆకులు వదిలేస్తుందమ్మా, కంగారుపడి నీళ్ళు పొయ్యకు. నిద్రపోతుంది. మచ్చలతో రాలితే జబ్బు, మచ్చ లేకుండా పండి రాలితే కాలం" అన్నాడు. ప్రతి ఆకూ తీసి అద్దం దీపం కింద పెట్టి చూశాను. మచ్చ లేదు. పసుపు, అంతే.

భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. తెలిసినా భయమే. పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి కిటికీ గట్టు మీద నాలుగు ఆకులు, ఆరు ఆకులు. సాయంత్రం జుట్టుతో పాటు వాటినీ ఊడ్చేదాన్ని. వచ్చినవాళ్ళందరూ కిటికీ వంక, తర్వాత నా వంక చూసేవాళ్ళు. పరామర్శకి వచ్చినట్టు ముఖాలు పెట్టేవాళ్ళు. "నిద్రపోతోందండీ" అని నేను చెబితే, పాపం పిచ్చిది అనుకుని తలూపేవాళ్ళు. ఊపుకోనివ్వండి. నేను కత్తి పెట్టాక మాత్రం ఊపొద్దనేదాన్ని.

పోయిన బుధవారం మీరు చేసింది నాకు తెలియదనుకుంటున్నారా?

నేను తువ్వాళ్ళు ఆరెయ్యడానికి వెనక్కి వెళ్ళాను. మీరు అటూ ఇటూ చూసి, చెంబుడు నీళ్ళు తెచ్చి కుండీలో గుమ్మరించారు. ఈ అద్దాలన్నీ దేనికి పెట్టుకున్నాం బావగారూ? కుర్చీ ముందొకటి, వెనకొకటి. ఒక మనిషి వీపు చూడాలంటే మా షాపుకే రావాలి.

తల వంచకండి, గొంతు దగ్గరున్నాను. తిట్టడానికి చెప్పట్లేదు. చంపుదామని పోశారని ఒక్క నిమిషం అనుకున్నాను, అబద్ధమాడను. తర్వాత మీరు ఆ కాండం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. చాలాసేపే నిలబడ్డారు. అది తమ్ముడి మొక్క. మీకూ అది పోవడం ఇష్టం లేదు. పోతేనేమో షాపు వస్తుంది, ఉంటేనేమో తమ్ముడు ఉన్నట్టుంటుంది. మీ బాధ మీది.

మీరు వెళ్ళగానే కుండీ ఒంచి నీళ్ళన్నీ పారబోశాను. నిద్రలో ఉన్నదానికి అన్ని నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. మట్టి ఊడదీసి పాత పేపర్ల మీద ఆరబెట్టి, మూడురోజులు దాన్ని వేళ్ళతో సహా అలమారులో పెట్టాను, లోషన్ సీసాల మధ్య. మీరు శనివారం వచ్చి "మొక్కేదీ" అంటే "స్నానానికి వెళ్ళింది" అన్నాను. అప్పుడు కోపం వచ్చింది మీకు. ఇప్పుడు అర్థమైందా?

సరే. ఇక మీ దవడ కింద, ఎడమ పక్క. అక్కడ సుడి ఉంది. జుట్టు గుండ్రంగా తిరిగి పెరుగుతుంది. అందరూ మిమ్మల్ని కోసేది అక్కడే. పైనుంచి కిందకి వచ్చే కత్తి అక్కడికి రాగానే జారుతుంది. నాకెలా తెలుసా? కనపడుతోందిగా, మూడు గాట్లూ అక్కడే ఉన్నాయి.

ఉండండి, వేడి తువ్వాలు వేస్తాను. ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది మీకు. మీ తమ్ముడు కూడా ఇక్కడికి వచ్చేసరికి తువ్వాలు వేసేవారుగా, కళ్ళ మీద, నుదుటి మీద? అలా వేసి, చెవి దగ్గరకి వంగి కబుర్లు చెబుతూ గీసేవారు. మీరు హాయిగా సగం నిద్రపోయేవారు. ఆఁ, అలా. వేడి సరిపోయిందా?

సుడి కదా. చర్మం బొటనవేలితో కిందకి లాగాలి. కత్తి నిలువుగా కాదు, పక్కవాటుగా, సుడితో పాటు తిప్పాలి. ఒకటి. మళ్ళీ కడిగి... రెండు. మూడోది ఒత్తకుండా, కత్తి బరువు మీదే.

ఏంటి బావగారూ, ఊపిరి బిగబట్టారు?

కుర్చీ చేతులు పట్టుకుని అలా బిగుసుకుపోయారేం? నేనేం కొయ్యలేదే. తువ్వాలు తియ్యకండి! వద్దు, అలాగే ఉండండి. చూస్తున్నంతసేపూ మరదలి చెయ్యి, కళ్ళు మూస్తే తమ్ముడి చెయ్యి. అంతేనా?

గుర్తుపట్టారన్నమాట. మీరు కాకపోయినా మీ చర్మం గుర్తుపట్టింది.

చివరి రెండేళ్ళు మీ గెడ్డం గీసింది నేనే బావగారూ.

ప్రతి ఆదివారం. ఒక్కటి కూడా ఆయన గీయలేదు.

ఆయన చెయ్యి వణికేది. మొదట టీ గ్లాసు వణికింది. తర్వాత కత్తెర. జుట్టుకి మెషీన్ వాడి నెట్టుకొచ్చేవారు, గెడ్డాలకి కూడా మెషీనే అని అందరికీ చెప్పేశారు. కానీ మీరు ఒప్పుకోరుగా. "నాకు కత్తే పెట్టరా" అంటారు. మీకు కాదని ఎలా చెబుతారు? పదిహేడేళ్ళప్పుడు మీరు ఎవరి చెవో కోశారని మామగారు మీ చేతిలోంచి కత్తి లాక్కున్నారట కదా. "నీ చేతికి నిలకడ లేదు, నీ తమ్ముడి చెయ్యి చూడు" అన్నారట కదా. అన్న చేతిలోంచి తీసి తనకిచ్చిన కత్తి. ఆ చెయ్యి వణుకుతోందని ఎవరికైనా చెప్పగలరు కానీ మీకు చెప్పలేకపోయారు.

నాకు ఇంట్లో నేర్పారు. బుడగ ఊది, దానికి నురగ పూసి, పగలకుండా గియ్యమనేవారు. ఎన్ని బుడగలు పగలగొట్టానో! పక్కింటివాళ్ళు రోజూ మా ఇంట్లో పుట్టినరోజేమో అనుకునేవాళ్ళు. తర్వాత ఆయన గెడ్డం. తర్వాత మీది.

నురగ ఆయనే పూసేవారు. బ్రష్ వణికితే నురగ ఇంకా బాగా వస్తుంది, అది మాత్రం మేలే. తువ్వాలు మీ కళ్ళ మీద వేసేవారు. నేను వెనక తెర తీసుకుని చెప్పుల్లేకుండా వచ్చేదాన్ని, గాజులు ముందే తీసేసి. ఆయన చేతికి రాసుకునే లోషనే నా వేళ్ళకీ రాసేవారు. నేను గీస్తుంటే ఆయన నా భుజం పక్కనే వంగి మీతో కబుర్లు చెప్పేవారు. మాట ఆయనది, చెయ్యి నాది. అందుకే అంత వాగేవారు. లేకపోతే మీ తమ్ముడు అంత మాటకారా?

ఒకరోజు మీరన్నారు, గుర్తుందా? "ఏరా, వేళ్ళు ఇంత సన్నబడ్డాయి, తిండి తింటున్నావా లేదా?" అన్నారు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆయన తడుముకోకుండా, "పని ఎక్కువైంది అన్నయ్యా" అన్నారు. మర్నాడు మీరు డజను అరటిపళ్ళు పంపారు. ఆయన తినలేదు. నాకే తినిపించారు, "ఇవి నీ వేళ్ళకి వచ్చాయి" అని. ఆ రోజు ఇద్దరం నవ్వలేక చచ్చాం. తర్వాత ఆయన ఏడ్చారు.

చివర్లో నా చేత ఒట్టు వేయించుకున్నారు. అన్నయ్యకి తెలియకూడదని. ఎనిమిది నెలలు నిలబెట్టుకున్నాను. "వాడి చెయ్యి వాడితోనే పోయింది" అని మీరు నా ముందే నిట్టూరుస్తుంటే, "ఈ షాపులో ఆడదాని చెయ్యి అచ్చిరాదు" అని అదే నోటితో అంటుంటే, పళ్ళు బిగబట్టి నిలబెట్టుకున్నాను. ఇవాళ తప్పాను. ఆయన పేరు కాపాడదామంటే నా చెయ్యి పోయేలా ఉంది. ఆయనకి నేను తర్వాత సమాధానం చెప్పుకుంటాను, అది మా ఇద్దరి గొడవ.

అయిపోయింది. ఇదిగో, తువ్వాలు తీస్తున్నాను.

కళ్ళు తడిగా ఉన్నాయేం? ఆవిరా? సరే, ఆవిరే.

అద్దం పట్టుకోండి. దవడ కింద చూసుకోండి. చెవి పక్కన చూసుకోండి. చెయ్యి వేసి తడమండి, ఎక్కడైనా గరుకు తగిలిందా? పటిక ముక్క అక్కడే ఉంది, ఇవాళ దానితో పని పడలేదు. తాళం చెవి కూడా అక్కడే ఉంది. తీసుకుంటారా?

తీసుకోరా. మీ ఇష్టం.

ఉండండి, వెళ్ళే ముందు ఇలా కిటికీ దగ్గరకి రండి. ఆ బొజ్జ మీద వేలు పెట్టి నొక్కండి. గట్టిగా నొక్కండి, ఏమీ కాదు. మెత్తగా తగిలితే కుళ్ళింది, పారేద్దాం. ఎలా ఉంది? రాయిలా ఉందిగా? ఇప్పుడు ఈ కొమ్మ చూడండి. కత్తి మొనతో పైన పొర మాత్రం, ఇలా... చూశారా లోపల? ఎంత పచ్చగా ఉందో! ఇవాళ నా కత్తి పెట్టిన గీటు ఇదొక్కటే.

ఎండలు ముదరనివ్వండి, చిగురు దానంతట అదే వస్తుంది. చెంబు మాత్రం ముట్టుకోకండి.

వచ్చే ఆదివారం పెందలాడే రండి, మిగతావాళ్ళు రాకముందు. కత్తే పెడతాను. కానీ ఒక్క మాట బావగారూ. ఇకమీదట తువ్వాలు వెయ్యను. ఎండ పడినా సరే, కళ్ళు తెరుచుకునే కూర్చోవాలి.